ఎర్రబడ్డ కళ్ళు

కొక్కెం గుచ్చి బస్తాను వీపు మీదికి లాక్కున్నాడు కొమురయ్య. మహబూబాబాద్ మార్కెట్ యార్డులో మిర్చి సీజన్. ఆ ఘాటుకు హమాలీలు, రైతులు, గుమాస్తాలు, అందరి కళ్ళూ ఎర్రగానే ఉంటాయి. కొమురయ్య కళ్ళు ఎర్రబడితే మాత్రం వేరే కారణం చెబుతారు. గుడుంబా మానేసి మూడో వేసవి నడుస్తున్నా, ముఠాలో ఆయన పేరు తాగుబోతు కొమురయ్యే.

గొంతు నొప్పి పెట్టినా ఆయన లవంగం నోట్లో వేసుకోడు, వాసన కప్పుకుంటున్నాడంటారని. పెళ్ళిళ్ళకు పిలిచేవాళ్ళు లేరు. ఒకసారి చెడ్డాడని తేల్చేస్తే జనానికి ఎంత సుఖమో! ఆ మనిషిని మళ్ళీ చూడాల్సిన పనే ఉండదు.

ఈ రోజు ఆయనకు ఏ మాటా పట్టడం లేదు. నెల్లికుదురులో ఉండే కూతురు శాంతి పొద్దున ఫోన్ చేసింది.

"సాయంత్రం బస్సుకు రా నాయినా. పిలగాన్ని ఎత్తుకుందువు. గని ఒక్క చుక్క తాగొచ్చినా నాకు నాయిన లేడనుకుంట."

మనవడికి ఏడాది నిండబోతోంది. ఆయనింకా వాణ్ణి చూడలేదు. ఎండ తగలకుండా వాడికొక తెల్లటి నూలు టోపీ కొని, ఘాటు అంటకుండా రెండు కవర్లలో చుట్టి, షెడ్డు స్తంభానికున్న మేకుకు తగిలించాడు. బస్తా మోసిన ప్రతిసారీ అటే చూసుకుంటున్నాడు.

బస్సు అందుకోవాలని మధ్యాహ్నం తిండికి కూడా ఆగలేదు. ఎండ నిప్పులు చెరుగుతోంది. లారీకి ఆనించిన పలక మీద కాళ్ళు తడబడి, బస్తాతో సహా కింద పడ్డాడు. నాలుక మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది.

"మేస్త్రీ... జర నీళ్ళు..."

ముఠా మేస్త్రీ దేవేందర్ పగలబడి నవ్వాడు. "చూసిన్రా! మానిండంట. పొద్దుగాల్నే ఏసిండు."

"నేను తాగలే..."

ఆ మాటా ముద్దగానే వచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఇంకా నవ్వారు.

"నీళ్ళిస్తె కక్కుతడు. గోడ పక్కకు పండబెట్టున్రి. నిషా దానంతటదే దిగుతది," అన్నాడు దేవేందర్. నీడలో పడుకోబెట్టారు. మంచి చేస్తున్నాననే అనుకొని దేవేందర్ అక్కడే నిలబడి శాంతికి ఫోన్ కలిపాడు. "చెల్లె, మీ నాయిన మల్ల మొదలువెట్టిండు. ఎదురుచూడకు."

కొమురయ్య చెయ్యి ఫోన్ వైపు కొంచెం లేచింది. ఎవరూ చూడలేదు.

కాసేపటికి నీడ జరిగింది. మనిషిని ఎవరూ జరపలేదు.

పొద్దుగూకే వేళ, రాలిన మిర్చి ఊడ్చే మైసమ్మ వచ్చి పిలిచింది. "అన్నా, లెవ్వు. బస్సు పోతది." భుజం తట్టి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఒళ్ళు కాలుతోంది. ఊపిరి లేదు.

దవాఖానలో వడదెబ్బ అన్నారు.

"తాగి ఎండల తిరిగితె గిట్లనే అయితది," అన్నాడు దేవేందర్, అప్పుడు కూడా.

శాంతి వచ్చింది. ఏడవలేదు. ముందు వంగి తండ్రి నోరు వాసన చూసింది. మిర్చి ఘాటు తప్ప ఏమీ లేదు. మళ్ళీ చూసింది. అప్పుడు నేల మీద కూలబడి "నాయినా!" అని గుండెలవిసేలా ఏడ్చింది.

మర్నాడు యార్డులో మామూలుగానే కాంటాలు మొదలయ్యాయి. స్తంభానికి కవరు వేలాడుతూనే ఉంది, లోపల ఘాటు అంటని తెల్ల టోపీతో.