వెలుతురు పడినంత దూరం

“టూత్‌పేస్టు పెట్టి రుద్దితే పసుపు పోతుందట. కాస్త రుద్దు” అన్నాడు ఆరోన్, ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే. కారు ముందు గొంతుక్కూర్చుని హెడ్‌లైట్ల అద్దాలు రుద్దాను. పసుపు పోలేదు. గిన్నెలు, బట్టలు, అత్తగారి పాదాల పగుళ్ళు రుద్దే చేతులు నావే కాబట్టి ఇదీ నాకే వచ్చింది. కారు మాత్రం ఆయనది. నా జీతంలోంచి వాయిదాలు కట్టిన సెకండ్‌హ్యాండ్ కారే అయినా, రావులపాలెంలో అందరికీ అది ఆరోన్ గారి కారు.

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. “లోపల కూడా తేమ పట్టిందండీ. మొత్తం హెడ్‌లైట్లే మార్చాలి” అన్నాను.

“పాత బండికి అంత సోకెందుకు? చీకటిపడ్డాక నువ్వెక్కడికెళ్ళాలి?”

“అసలు దానికి డ్రైవింగ్ నేర్పించడమే తప్పురా” అని అత్తగారు నవ్వింది. నేనూ నవ్వాను. అప్పట్లో అలాంటి వాటికి నవ్వేదాన్ని.

ఆ వానాకాలంలో ఒక సాయంత్రం మొగల్తూరు నుంచి తమ్ముడు రమేష్ బాబు ఫోన్ చేశాడు. అమ్మకి ఆయాసం ఎక్కువైందట. ఇక ఇంటికి తీసుకెళ్ళిపొమ్మన్నారట డాక్టరు. “నిన్నే అడుగుతోందక్కా” అన్నాడు. చెప్పులేసుకుని కారు తాళాలు అందుకున్నాను. ఆరోన్ వాటిని నా చేతిలోంచి మెల్లగా తీసుకున్నాడు. “ఈ వానలో, ఈ లైట్లతో, కాలవ గట్టు మీదా? ఇద్దరం కాలవలో పడతాం హెలెన్. తెల్లారగానే వెళ్దాం.” ఆటో మాట్లాడుకుంటానన్నాను. “ఒక్కదానివి, ఈ వేళప్పుడా?” అన్నాడు. ప్రతి మాటా న్యాయంగానే ఉంది. న్యాయంగా ఉన్న మాటకి ఎదురు చెప్పడం నాకెవరూ నేర్పలేదు.

మేము వెళ్ళేసరికి అమ్మని హాల్లో పడుకోబెట్టి తెల్లదుప్పటి కప్పారు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. ఆరోన్‌ని నేను తప్పుపట్టలేదు. లైట్లనే తిట్టుకున్నాను.

అమ్మ జ్ఞాపకార్థ కూడిక అయిన వారంలోనే, ఇంకా వానలు కురుస్తుండగానే, చీకటిపడ్డాక ఆరోన్ కారు తీశాడు. పాలకొల్లులో స్నేహితుడి ప్రమోషన్ విందు. మొగల్తూరు దారిలో సగానికి పైగా వెళ్తేగానీ పాలకొల్లు రాదు. అదే గట్టు, అదే కాలవ.

“మరి లైట్లో?” అన్నాను.

“అలవాటైన దారేగా. నెమ్మదిగా పోతాలే.”

గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. అమ్మని పూడ్చినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది.

శనివారం మధ్యాహ్నం స్కూలు కాగానే కారు తీసుకుని రాజమండ్రి వెళ్ళాను. స్పేర్‌పార్టుల షాపు యజమాని అప్పాజీ గారు నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూశారు. “సార్‌కి ఓసారి ఫోన్ కలపండమ్మా, మోడల్ కనుక్కుంటాను.”

“మోడల్ నాకు తెలుసండీ.”

రెండు రకాలు బల్ల మీద పెట్టి, చవకవాటిని ముందుకు తోశారు. “పాత బళ్ళకి ఎక్కువగా ఇవే పట్టుకెళ్తారండి. బల్బు పవర్ పెంచేస్తే సరిపోద్ది.” ఒకటి తీసుకుని, వెనక బల్బు పెట్టే రంధ్రంలోంచి అద్దం గుండా వీధిలోకి చూశాను. ఎదుటి కరెంటు స్తంభం వంకర్లు తిరిగింది. వెనక రబ్బరు అంచు సరిగ్గా అంటుకోలేదు, మొదటి వానకే నీళ్ళు దిగుతాయి. కారుకి మరలతో బిగించే చెవులు పల్చగా ఉన్నాయి. రెండో రకం కూడా కారు కంపెనీవి కావు. కానీ చేతికి బరువు తెలిసింది. అద్దం తేటగా ఉంది, రబ్బరు చుట్టూ సమంగా ఉంది, వెలుతురు ఎత్తు సరిచేసే మర సాఫీగా తిరిగింది. పాత లైటు విప్పించి, పక్కన పెట్టి, చెవులన్నీ కలిశాయో లేదో చూసుకున్నాను.

“ఇవే బిగించండి. బల్బులు మామూలువి చాలు. ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొట్టే వెలుతురు నాకొద్దు.”

గోడకెదురుగా కారు ఆపించి, రెండు వెలుగులూ ఒకే ఎత్తున పడేదాకా సరిచేయించాను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. నాకోసం నేనొక వస్తువుని అంతసేపు చూసి ఎంచుకోవడం గుర్తులేదు.

ఇంటికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఆరోన్ కారు చుట్టూ తిరిగాడు. “ఇప్పుడెందుకు ఇవి? మీ అమ్మే పోయింది. ఇంక చీకటిపడ్డాక నువ్వెక్కడికెళ్తావ్?”

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు. అందుకే అంతలా కోసుకుపోయింది. “మొగల్తూరు” అని మళ్ళీ కారెక్కాను.

సిద్ధాంతం వంతెన దాటేసరికి చీకటిపడింది. వాన మొదలైంది. గట్టు మీద వెలుతురు చాలా దూరం పరుచుకుంది. గడ్డి అంచు, తూముల రాళ్ళు, తడిసిన కుక్క ఒకటి, అన్నీ కనబడుతున్నాయి. అంత భయంకరమైన దారేమీ కాదది. అది తెలిసేకొద్దీ ఏడుపు ఆగలేదు. పాలకొల్లు, నరసాపురం, మొగల్తూరు. దారి ఇంతే. ఆ రాత్రి అమ్మ ఇంత దగ్గర్లోనే ఉంది.

తలుపు తీసింది రమేష్ బాబు భార్య సారిక. కారు వైపు చూస్తూ ఉండిపోయింది.

“ఏంటొదినా, ఒక్కదానివే వచ్చావా?” అని నన్ను లోపలికి తీసుకెళ్ళి తువ్వాలు ఇచ్చింది. తర్వాత తల దించుకుని అంది: “ఇన్నాళ్ళూ నీకు చెప్పలేకపోయాను. ఆ రోజు సందులోకి ఏ బండి లైటు పడినా అత్తయ్య, ‘హెలెన్ వచ్చినట్టుంది, తలుపు తియ్యి’ అనేవారు. తీసి చూసి వచ్చేదాన్ని. మళ్ళీ అనేవారు.”

అమ్మ మంచం మీద కూర్చున్నాను. ఫోన్ మోగింది.

“మా అమ్మ భోజనానికి చూస్తోంది. ఎప్పుడొస్తావ్?” అన్నాడు ఆరోన్. అంతలోనే గొంతు తగ్గించాడు. “సరే, ఈ వానలో ఎలాగూ రాలేవులే.”

“రాగలనండీ. లైట్లు బాగానే ఉన్నాయి” అన్నాను. “నాకే రావాలని లేదు.”