'లొట్టి లోకేశం' దర్శకుడి నుంచి

ఆ శుక్రవారం పొద్దున గొల్లపల్లిలో మా కుట్టు దుకాణం షట్టర్ ఎత్తగానే ఎదురుగా థియేటర్ గోడ మీద కొత్త పోస్టర్ కనిపించింది. చూడగానే నా ఒళ్లు మండిపోయింది. జగిత్యాల పోయే బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు కూడా చదివేంత పెద్ద అక్షరాలతో 'లొట్టి లోకేశం' అని వేశారు. దాని కింద చీమ తలకాయంత అక్షరాలతో 'దర్శకుడి నుంచి' అని. ఇంకా కిందికి పోతే, హీరో మోకాళ్ల దగ్గర, అసలు సినిమా పేరు 'బాపు మోకు'.

ఆ సినిమా తీసింది నా తమ్ముడు సాయికిరణ్. వాడి పేరెక్కడుందా అని రోడ్డు దాటి పోయి వెతికాను. అట్టడుగున, పోస్టర్ అచ్చు వేసిన ప్రెస్సు పేరు పక్కన దొరికింది.

వెంటనే హైదరాబాద్‌కు ఫోన్ కొట్టాను.

"ఏందిరా తమ్మీ గిది? సినిమా నువ్వు తీసి పేరు గా లోకేశంగానిది పెడ్తరా?"

"నా పేరు ఎవ్వలకు ఎర్కక్కా? గా పేరు జెప్తెనే జనం అస్తరంటున్నరు. ఒద్దని మస్తు మొత్తుకున్న. ఇనలె." మళ్లీ వాడే, "బాపు పోస్టర్ సూస్తడా?" అన్నాడు.

"కండ్లున్నయి గదరా, సూడకెట్ల ఉంటడు?" అని ఫోన్ పెట్టేశాను. కోపం వాడి మీద కాదు, కానీ దొరికింది వాడే.

మా బాపు రాజలింగం గొల్లపల్లి దగ్గర తాటిచెట్లెక్కి కల్లు గీసి మమ్మల్నిద్దరినీ పెంచాడు. ఒకసారి నడుముకు వేసుకునే మోకు జారి చెట్టు మీది నుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది గానీ కాలు వంకరపోయింది. మళ్లీ చెట్టెక్కలేదు. తమ్ముడు తన మొదటి సినిమాకు ఆ పడడమే రాసుకున్నాడు, చూసినవాళ్లు ఏడవాలని. నిర్మాత దాన్ని తిప్పించి, తిప్పించి, గీత కార్మికుణ్ని, గీసిన లొట్టెడు కల్లూ తానే తాగేసే తాగుబోతు లోకేశం చేశాడు. లోకేశం చెట్టు మీది నుంచి పడుతుంటే పీపీ అని సన్నాయి పెట్టించాడు. సినిమా విపరీతంగా ఆడింది. ఆడకపోతే బాగుండేది.

కొడుకు సినిమా అని, మా ఊరికి వచ్చేదాకా ఆగలేక, బాపు తన తోటి గౌడన్నలను వెంటబెట్టుకుని జగిత్యాల పోయి చూశాడు. లోకేశం పడగానే హాలంతా పొట్టలు పట్టుకుని నవ్విందట. ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి ఒక్కటే మాట చెప్పాడు. "నువ్వు నా కొడుకువని ఎక్కడ జెప్పకు. నా పేరు తీయకు."

అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఊరికి వచ్చే మొఖం లేక వాడు 'బాపు మోకు'ను గంభీరావుపేట తాటివనాల్లో తీసుకున్నాడు. ఈసారి ఎవర్నీ వేలు పెట్టనివ్వలేదు. బాపు ఒక్కడు చూస్తే చాలన్నాడు. నేను బతిమాలీ, అలిగీ, అన్నం మానేస్తానని బెదిరించీ బాపును సినిమాకు ఒప్పించాను.

మార్నింగ్ షో టైముకు ఒకామెకు కొలతలు తీస్తూ బయటికి చూశాను. బాపు థియేటర్ గేటు ముందు, చేతికర్ర మీద బరువేసి గోడకేసి చూస్తున్నాడు. చూసి చూసి వెనక్కి తిరిగాడు. టేపు మెడలోనే ఉంచుకుని ఉరికాను.

"ఎటు పోతున్నవ్ బాపూ?"

"గదే సినిమా మళ్లేసిండ్రు గద బిడ్డా. ఒక్కపారి నవ్విపిచ్చుకున్నది సాలదా?"

"గది కాదు బాపూ. సినిమా పేరు గా కింద ఉన్నది సూడు."

"నాకు సదువు రాదనుకుంటున్నవా? గంత పెద్దగ రాసిండ్రు. సినిమా గది కాకపోతే గా పేరెందుకు రాసిండ్రు?"

బాపు అడిగిందే నేనూ వాళ్లను అడగాల్సింది. ఒకసారి చేయి తప్పి పాడుచేశానని, 'అనూష పెండ్లి జాకెట్టు చెడగొట్టిన సరిత దగ్గర కుట్టించుకోండి' అని నా దుకాణం మీద బోర్డు పెట్టుకుంటానా? తమ్ముడు ఏం చెరిపేసుకోవాలని ఇంత కష్టపడ్డాడో దాన్నే తెచ్చి నెత్తిన కొట్టారు. పైగా అది వాడికి గౌరవమట!

"కూసో. నచ్చకపోతే లేసి పోదాం" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను.

హాలు సగం నిండింది. అందరూ పోస్టర్ చూసి నవ్వడానికి వచ్చినవాళ్లే. తెర మీద ఒకాయన మోకు నడుముకు చుట్టుకుని, చెట్టుకు దండం పెట్టి ఎక్కుతున్నాడు. పాట లేదు, జోకు లేదు. బాపు కర్ర పక్కన పెట్టి ముందుకు వంగాడు. మా వెనక నుంచి ఒకడు, "లోకేశం ఎప్పుడు పడ్తడే?" అని ఈల వేశాడు.

పడ్డాడు. ఈసారి సన్నాయి లేదు. తాటాకుల గలగల, కింద ఆయన పెండ్లాం వేసిన కేక, అంతే. అయినా వెనకవాళ్లు నవ్వారు. పడితే నవ్వాలని వాళ్లకు పోస్టరే ముందే చెప్పి పంపింది మరి.

బాపు కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాడు. వెనక్కి తిరిగాడు.

"పడ్డది నేను" అన్నాడు, హాలంతా వినబడేటట్టు. "తీసింది నా కొడుకు. సూస్తె సూడుండ్రి, లేకుంటె బయటికి పోండ్రి."

కొందరు చూస్తూ ఉండిపోయారు. కొందరు మోసం మోసం అంటూ బయటికి పోయారు. వాళ్లను తిట్టడానికీ నాకు నోరు రాలేదు. ఇంకో లోకేశం ఉంటాడని చెప్పి పిలిస్తే వచ్చారు పాపం, వాళ్లనూ మోసం చేశారు.

ఆట అయిపోయాక బాపు మళ్లీ ఆ గోడ ముందుకే పోయి నిలబడ్డాడు. ఆ పేరెందుకు పెట్టారో తమ్ముడు ఫోన్‌లో చెప్పిందంతా చెప్పాను. బాపు కళ్లు తుడుచుకుని, తమ్ముడికి ఫోన్ కలిపి ఇమ్మన్నాడు. కలిపి, స్పీకర్ పెట్టి ఇచ్చాను.

"అక్కా, బాపు సూసిండా?" అన్నాడు వాడు.

"సూసిన" అన్నాడు బాపు.



"నీ పేరు ఎవ్వలకు ఎర్క లేదన్నరట గద?"

"ఔ బాపూ."

"ఎవ్వలదో ఒకల పేరు జెప్పంది నిన్ను గుర్తువట్టరా?"

"పట్టరంట బాపూ."

బాపు కర్ర ఎత్తి గోడ మీది 'లొట్టి లోకేశం' మీద ఆనించాడు.

"అయితె గీ పేరు తీసెయ్యుమను. గొల్లపల్లి రాజలింగం కొడుకు అని రాయుమను. పెద్దగ."