గడప బయటి మెట్టు

కొమురెల్లి ఎత్తులు కొలిచే స్టాఫ్ అడుగును గుడ్డతో మూడోసారి తుడిచాడు. ఇంజనీరింగ్ కాలేజీ మెట్ల పక్కన, ఎత్తు ఎంతో ముందే లెక్కగట్టి రాతిలో దించిన ఇత్తడి బిళ్ళ మీద ఆ అంకెల కర్రను నిలబెట్టి ఊపిరి బిగబట్టాడు. అడుగున వేలెడు మట్టి అంటుకుంటే కాగితంలో ఇల్లు వేలెడు లేస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా అతని పని ఇదే: తుడవడం, నిలబెట్టడం, కదలకుండా ఉండడం. పాత సర్వే దుర్భిణుల్లో బొమ్మ తలకిందులుగా కనబడేది కనుక ఎందరో ఇంజనీర్లు అతన్ని మొదట చూసింది శీర్షాసనంలోనే. పేరు మాత్రం ఒక్కరికీ తెలియదు, అందరికీ "స్టాఫ్ అంకులే". కర్ర మోసి మోసి కుడి భుజం గుంటపడింది. చొక్కాలన్నీ అక్కడే చిరిగేవి.

దుర్భిణి దగ్గర లెక్చరర్ సుధామయి చెయ్యెత్తింది. అంకె రాసుకున్నానని అర్థం. ఆ చెయ్యి లేచేదాకా ఏమొచ్చినా కర్ర కదపకూడదు.

కర్ర నిలబెట్టి కొలుస్తూ, ఆ బిళ్ళ ఎత్తును మజిలీలుగా మోసుకుంటూ తార్నాక మీదుగా కిందికి దిగారు. నాలా ఒడ్డు బస్తీకి చేరేసరికి పదకొండయింది. వరద గీత కన్నా ఇంటి నేల ఎత్తుగా ఉందని కాలేజీ కాగితమిస్తే ఆ ఇల్లు మిగులుతుంది. లేకపోతే జేసీబీ. అది సందు మొదట్లోనే నిలబడి ఉంది, పొద్దున కొరికిన గోడ తాలూకు ఇటుకలు ఇంకా దాని నోట్లోనే ఉన్నాయి.

నాలుగు రోజుల కిందట అది ఇదే సందులో ఎంకన్న ఇంటిని కూల్చింది. గీతకు నాలుగు వేళ్ళు తక్కువన్నారు. జేసీబీ డ్రైవర్ చేతిని ఎంకన్న కొరికాడు. పోలీసులు అతని పళ్ళు రెండు రాలగొట్టారు. గుంపులో నిలబడి చూస్తున్న కొమురెల్లికి ఆ "నాలుగు వేళ్ళు" అన్న మాట చెవిన పడగానే తను కర్ర పెట్టిన చోటు గుర్తొచ్చింది.

ఆ ఇల్లు కొలిచింది శుక్రవారం నాడు. ఎంకన్న భార్య అప్పుడే గడపకు పసుపు పూసి బొట్లు పెట్టింది. "లోపల నేల మీద పెట్టండి" అంది సుధామయి. ఇనుప అడుగున్న కర్రతో, బురద చెప్పులతో ఆ గడప దాటడానికి కొమురెల్లికి మనసొప్పలేదు. బయటి మెట్టు మీదే నిలబెట్టాడు. ప్రహరీ గోడ అవతలున్న సుధామయికి కర్ర పైభాగమే కనబడింది. మెట్టు నేలకు జానెడు కింద ఉంది.

ఇల్లు కూలాక కూడా అతను ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే ఉద్యోగం పోతుంది. అంతకన్నా, ముప్పై ఒక్క ఏళ్ళ తుడవడం బూడిదలో పోసినట్టవుతుంది. ఎందుకు చెప్పలేదంటే పిరికితనం, అంతే.

ఈరోజు వంతు వనజది. మిషన్ కుట్టుకుని బతికే మనిషి. ఆమె గడప మీద కూడా పసుపు పచ్చిగానే ఉంది. కొమురెల్లి ఆగిపోయాడు.

"చెప్పులతోనే రా అన్నా. గడప తొక్కితె తొక్కు. ఇల్లు మిగిల్తె పసుపు మళ్ల పూస్త" అంది వనజ.

అంత సులువైన మాట. ఆ శుక్రవారం తను ఒక్క మాట అడిగి ఉంటే ఎంకన్న భార్య కూడా ఇదే అనేది. కొమురెల్లి లోపలికి వెళ్ళి, కర్ర అడుగు తుడిచి, నేల మీద నిలబెట్టాడు. తలుపుకు ఎదురుగా, సందు అవతల సుధామయి దుర్భిణికి కన్ను ఆనించింది. ఆమెకు పక్కనే ఎంకన్న తన ఇంటి శిథిలాల్లో గడ్డపారతో ఇనుప చువ్వలు పెకలిస్తున్నాడు. వింటాడని తెలుసు. వినాలనే కొమురెల్లి గట్టిగా అరిచాడు.

"మేడమ్! ఎంకన్న ఇంట్ల నేను కర్ర లోపల పెట్టలే! బయట మెట్టు మీద పెట్టిన! తప్పు నాది!"

"ఏమిటండీ మీరనేది?" అంది సుధామయి.

ఎంకన్న అప్పటికే గడ్డపారతో వనజ గడప దాటాడు. "ఏందిరా? మల్ల చెప్పు."

"నీ ఇల్లు మంచిగనే ఉండె ఎంకన్నా. నేనే..."

మొదటి దెబ్బ గుంటపడ్డ భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు సందు దాకా వినిపించింది. వనజ అతని చేతికి వేలాడితే ఎంకన్న ఆమెను మిషన్ మీదికి విసిరేశాడు. రెండో దెబ్బకు పక్కటెముకలు లోపలికి పోయాయి. కర్ర వదిలి పరుగెత్తే దారి ఉంది. కొమురెల్లి ఎడమ చేత్తో కర్రను నిటారుగా పట్టుకున్నాడు.

"అంకె తీస్కోండి మేడమ్!"

మూడోది తల మీద పడింది. అంకెల మీదుగా రక్తం కిందికి జారింది. సుధామయి ఏడుస్తూనే చదివింది. ఆమె చెయ్యి పైకి లేచింది. అప్పుడు వదిలాడు.

అంబులెన్స్ తార్నాక సిగ్నల్ దాటేలోపే ప్రాణం పోయింది.

మర్నాడు సుధామయి మరో కర్రనూ, దాన్ని పట్టుకునే మనిషినీ వెంటబెట్టుకుని వచ్చింది. శిథిలాలు తోసి ఎంకన్న ఇంటి నేలను కొలిచింది. గీతకు ఎనిమిది వేళ్ళు పైనే ఉంది. ఆ మాట రాసిన కాగితం తీసుకోవడానికి ఎంకన్న లేడు, స్టేషన్‌లో ఉన్నాడు. అతని భార్య బయటి మెట్టు మీద కూర్చుని దాన్ని మడతలు పెడుతూ ఉండిపోయింది.

వనజ ఇల్లు మిగిలింది. గడపకు పసుపు మళ్ళీ పూసింది. పోలీసులు గడ్డపార తీసుకెళ్ళారు గానీ, మూలన గోడకు ఆనించిన కొమురెల్లి కర్ర కోసం ఎవరూ రాలేదు. దాని మీద రక్తం ఎండిపోయింది, ఇనుప అడుగున మాత్రం వెంట్రుకవాసి మట్టి కూడా లేదు.