ఒక గణం తక్కువ

పెళ్లి చేసుకుంటారా అని పద్యం రాసిస్తే, దానికి ఎర్ర పెన్నుతో గణవిభజన చేసే మనిషి ఇంకెక్కడైనా ఉంటుందా? నా ఖర్మ కొద్దీ ఆవిడే నాకు నచ్చింది.

మేబెల్ గారు కార్ఖానా బస్తీలో ఒక బడిలో తెలుగు టీచరు. చర్చిలో మా ముందు వరుసలో కూర్చుంటారు. నోరు తెరిచి అడిగే ధైర్యం లేక, చచ్చీ చెడీ ఒక ఆటవెలది రాసి, పాటల పుస్తకంలో పెట్టి ఇచ్చాను.

మరుసటి ఆదివారం కాగితం తిరిగొచ్చింది. ప్రతి అక్షరం మీదా గురువులు, లఘువులు. యతి దగ్గర ఒక టిక్కు. ఆఖరి పాదం కింద మాత్రం, "ఐదు సూర్యగణాలు ఉండాలి, నాలుగే ఉన్నాయి" అని రాశారు. నన్ను చేసుకుంటారో లేదో ఒక్క మాట లేదు! ఒళ్లు మండిపోయింది.

మెట్టుగూడ రైల్వే ఆఫీసులో నా పక్క సీటు ఇస్మాయిల్‌కి చూపించాను. టైపు మిషన్ ఆపి ఆఖరి పాదం పైకి చదివాడు.

"మనసు విప్పి చెప్పు మాట... ఏంది ఆర్థర్ భాయ్, మధ్యల ఆపినవ్?"

"అయిపోయిందనుకున్నా."

"ఇంకో ముక్క కావాలె గద. ఎసుంటిది?"

"ఒక గురువు, ఒక లఘువు. 'ఔను' లాగా."

"గంతేనా! ఔను అని ఆమెనే రాయమను."

"'కాదు' కూడా సరిపోతుంది భాయ్. 'వద్దు' కూడా."

ఇస్మాయిల్ మొహం వాడిపోయింది. "అరె, పెద్ద పరేషానే గిది."

ఆ తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక, చర్చి మెట్ల మీద కాగితం మళ్లీ ఆవిడ చేతికిచ్చాను.

"ఆ ఖాళీ మీరే పూరించండి."

మేబెల్ గారు పెన్ను తీశారు. నేను ఆ పెన్ను మొన వంకే చూస్తున్నాను. ఆవిడేమో తీరిగ్గా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ, "ఐదో గణానికి యతి బాధ లేదు..." అని గొణుక్కుంటున్నారు.

"యతి సంగతి తర్వాత, ముందు రాయండి మేడమ్!" అని అరిచేశాను. పాస్టరు గారు వెనక్కి తిరిగి చూశారు.

ఆవిడ రాశారు. పైన గురువు, లఘువు గుర్తులు కూడా పెట్టి ఇచ్చారు.

'రండి.'

"ఎక్కడికండీ?" అన్నాను.

"మా ఇంటికి, అమ్మతో మాట్లాడ్డానికి." ఆవిడ తల వంచుకుని పెన్నుకి మూత పెట్టారు. "భయపడకండి. అమ్మకి ఛందస్సు రాదు."