కనుమ మీద కట్టిన ఇల్లు

శివరాత్రికి శ్రీశైలం నడిచి వెళ్లేవాళ్లు నల్లమల కనుమ ఎక్కగానే కాసేపు ఆగుతారు. చుట్టూ కొండ కొమ్ములు, వెనక్కి తిరిగితే లోయలో చెంచు గూడేల పొగ. అక్కడ రాయి మీద రాయి పేర్చి మొక్కుకుంటే సొంత ఇల్లు అమరుతుందని నమ్మకం. పేర్చింది నిలబడితే శివయ్య విన్నట్టు. కూలితే మళ్లీ ఏడాది రావాలి.

నాగజ్యోతికి ఇది మూడో ఏడు. తుళ్లూరు దగ్గర వెంకయ్యగారి పొలం కౌలుకు చేస్తూ, ఆ గట్టు మీదే పాక వేసుకుని పద్నాలుగేళ్లు కాపురం చేసింది. పొలం రాజధానికి పోయింది. బదులుగా ఆయనకు ప్లాట్లొచ్చాయి. పాకకు ఏమీ రాలేదు. ఇప్పుడు చిలకలూరిపేటలో అద్దెకు ఒంటిగది, ఆమెకూ మొగుడు యలమందకూ పత్తి జిన్నింగు మిల్లులో పని.

రెండేళ్లూ గుండ్రాళ్లే దొరికాయి, రెండేళ్లూ కూలాయి. అందుకని ఈసారి కింద వాగులోనే ఐదు పలకరాళ్లు ఏరి, కొంగున మూటగట్టి, కొండంతా మోసుకొచ్చింది. భుజం ఒరుసుకుపోయినా యలమందకు ఇవ్వలేదు.

కనుమ మీద వెంకయ్యగారు కనిపించారు. మోకాళ్లకు పట్టీలు, చేతిలో రెండు రాళ్లు.

"ఏవమ్మా జ్యోతీ, కొంగులో ఏంటి?" మూటలోకి తొంగిచూశారు. "మంచివే ఏరావు. ఓ మూడు ఇటియ్యి. నేను దిగి తెచ్చుకోలేను. నీకేం, వయసులో ఉన్నావు."

పద్నాలుగేళ్ల అలవాటు. మనసు వద్దనేలోగా చేతులు మూట విప్పేశాయి.

ఆయన తన రెండూ, ఆ మూడూ కలిపి ఐదూ పేర్చారు. గాలికి కూడా కదల్లేదు. వచ్చే నెల ప్లాటులో మూడంతస్తులకు శంకుస్థాపన అని సంతోషంగా చెప్పి, యలమంద వైపు తిరిగారు.

"వాచ్‌మన్ గది కూడా వేయిస్తున్నానురా. మీరిద్దరూ వచ్చి ఉండండి. బయటోళ్లెందుకు?"

"అంతకంటేనా అండీ," అని యలమంద చేతులు జోడించాడు. ఆమె చేతిలో మిగిలిన రెండు రాళ్లూ తీసుకుని, వెంకయ్యగారి రాళ్ల పక్కనే ఒకదాని మీద ఒకటి నిలబెట్టాడు. "చూశావా, శివయ్య విన్నాడే," అన్నాడు మెరిసే కళ్లతో.

మోసింది ఎవరో కూడా శివయ్య చూశాడా అని అడగాలనిపించింది. దేవుణ్ణి అలా అడగొచ్చో లేదో ఆమెకు తెలియదు. దిగుతున్న గుంపంతా శివనామం అందుకుంది. ఆమె ఖాళీ కొంగు దులిపి, ఒరుసుకుపోయిన భుజం మీద వేసుకుంది.