పదకొండు రోజులు ఖాళీ లేని స్టూలు

నేను ఒక ఇనుప స్టూలును. విజయనగరంలో ఒక వెల్డింగు షాపులో తయారయ్యాను. ఒక మాతృభక్తుడు, కాలం చేసిన తన తల్లి పేరు మీద నన్ను ఆసుపత్రికి దానమిచ్చాడు. కూర్చునే పలక నిండా ఆవిడ పేరే రాయించాడు. దాని మీద జనం కూర్చుంటారన్న సంగతి ఆయనకు తోచినట్టు లేదు.

కాలిన గాయాల వార్డులో సింహాద్రి మంచం పక్కన నన్ను వేశారు. అతను మిఠాయి కొట్టులో బూందీ దూసేవాడు. మరిగే నూనె మూకుడు ఒరిగి కుడి చెయ్యి, ఛాతీ కాలాయి. వేళ్లు కదిలించకపోతే బిగుసుకుపోతాయని డాక్టరు గారు చెప్పారు. అతనికి ఆ వేళ్లే అన్నం పెట్టేవి. అయినా కసరత్తు చేయించే మనిషి రాగానే ఎడమ చేత్తో దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాడు.

రెండో రోజునే హైమవతి గారు వచ్చారు. భయంతో, దిగులుతో ఉన్న రోగులతో మాట్లాడి మనసు కుదుటపరచడం ఆమె ఉద్యోగం. అందుకు ఆమె కూర్చోవాలి. నా మీద సెలైన్ పెట్టె ఉంది, ఎవరూ దించలేదు. మర్నాడు హెడ్ నర్సు గారి రిజిస్టర్లు. ఆ మర్నాడు సింహాద్రి బావమరిది బంగారయ్య.

"ముందు పుండు మాననీయండి మేడమ్. మాటలు డిశ్చార్జి రోజున చూసుకుందాం" అనేవారు నర్సు గారు.

"మాటల్తో మానిపోతే ఈ మందులెందుకు మేడమ్మా? మాయమ్మకి నోరాగదు, తీసుకొత్తాను. వార్డంతా ఒక్క పూటలో మానిపోద్ది" అన్నాడు బంగారయ్య, నా మీంచి లేవకుండానే.

అందరూ నవ్వారు. నాకు నాలుగు కాళ్లున్నాయి, ఏం లాభం? వాణ్ణి కింద పడెయ్యలేకపోయాను.

ఒకరోజు ఆమె నిలబడే అడిగారు, ఆ రోజు కొట్టులో ఏం జరిగిందని. సింహాద్రి నోరు తెరవబోయాడు. భార్య ముత్యాలమ్మ అడ్డుపడింది.

"ఆ మాటెత్తొద్దమ్మా. నిప్పుని తలిస్తే మల్లీ గుమ్మంలోకొత్తాది."

పదకొండో రోజున ముత్యాలమ్మ గుడికి వెళ్లింది, బంగారయ్య టీకి వెళ్లాడు. హైమవతి గారు నా మీది రిజిస్టర్లు తీసి నేల మీద పెట్టి కూర్చున్నారు. ఈసారి సింహాద్రే ముఖం మీది దుప్పటి తొలగించాడు.

"అమ్మా, పక్క మంచం కాడ ఆ బుస్సుమనేది ఏటి?"

"ఆక్సిజన్ అండీ."

"మా పొయ్యి కూడా అలాగే అరుస్తాది. అది ఇంటే మూకుడు నా మీదకొచ్చేత్తన్నట్టుంటాది. ముసుగేసుకున్నా ఇనబడతాది. ఇంక చెయ్యెలా చాపుతాను?"

అంతే సంగతి. ఆ సాయంత్రమే అతని మంచాన్ని దూరంగా కిటికీ పక్కకు మార్చారు. తర్వాత రోజూ ఆమె కూర్చున్నారు, రోజూ అతను ఆ నిప్పు గురించే చెప్పాడు. అలా నాలుగో నాడు కసరత్తు మనిషి రాగానే తనే చెయ్యి చాపాడు. మూడు వేళ్లు విచ్చుకున్నాయి. ఉంగరపు వేలు, చిటికెన వేలు రాలేదు.

"ముందే చెయ్యి ఇచ్చుంటే అవీ వచ్చేవేమో" అన్నాడు కసరత్తు మనిషి.

"ఈ మాత్రమైనా దేవుడు దయ చూశాడు" అని ముత్యాలమ్మ కళ్లు తుడుచుకుంది.

చూశాడు తల్లీ. రెండో రోజునే చూశాడు. హైమవతి గారిని మంచం దాకా నడిపించుకొచ్చాడు. ఇక స్టూలు మీద పెట్టె దించడానికి కూడా ఆయనే రావాలా?