డబ్బా మూత చప్పుడు

మా అత్త ఈరక్క పోయి నేటికి నలభై రోజులు. ఇప్పుడు చెప్పబోయే సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. చెప్పే మొహం లేక.

మా యేసు మందిరంలో ఆడవాళ్లకు ఒక అలవాటుంది. ఎసట్లో బియ్యం పోసేముందు దేవుని పేరు మీద ఒక పిడికెడు తీసి పక్కన వేస్తాం. ఆదివారం ఆ బియ్యాన్ని దిక్కులేని ముసలివాళ్లకు ఇస్తాం. మా ఇంటి బియ్యం మందిరం వెనక గుడిసెలో ఉండే నరసన్నకు. ఆయనకు చూపు లేదు. దీనికోసం మా అత్త పొయ్యి పక్కన ఒక రేకు డబ్బా పెట్టుకుంది. దాని మూత మహా బిగువు. వేస్తే టప్పుమని ఇల్లంతా వినబడుతుంది. కరువు సంవత్సరాల్లో కూడా ఆ చప్పుడు ఆగలేదని మా ఆయన యేసుప్రసాద్ గొప్పగా చెప్పేవాడు. వింటే నాకు ఒళ్లు మండేది. మన కంచాల్లోకే చాలనప్పుడు ఈ ధర్మం ఎవరిని ఉద్ధరించడానికంట?

ఎండలు ముదిరేసరికి అత్త జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కిటికీ కింద మంచం వేశాం. వంట నా చేతికి వచ్చింది. ఆ నెలలోనే ఎర్రగుంట్లలో సిమెంటు లోడ్లు తగ్గి మా ఆయన తోలే లారీ నిలబడిపోయింది. ఇద్దరు పిల్లలు, రేషన్ బియ్యం.

అత్త పూటపూటకీ అడిగేది, పిడికెడు తీసినావా శివమ్మా అని. తీసినా అత్తా అనేదాన్ని. తీసింది లేదు, నా మొహం లేదు. నరసన్నకు పోసొచ్చినావా అంటే పోసొచ్చినా అనేదాన్ని.

పది రోజులకు అడగడం మానేసింది. హమ్మయ్య, మర్చిపోయింది అనుకున్నాను. కంచం నిండా పెట్టించుకునేది, ఖాళీ కంచమే తిరిగిచ్చేది. మనిషి మాత్రం పుల్లలా అయిపోయింది. వయసు కదా అనుకున్నాను. రెండు నెలలకు, ఒక శుక్రవారం పొద్దున, ప్రార్థన చేసుకుంటూనే ప్రాణం విడిచింది.

మట్టి చేసేచోటికి నరసన్న కర్ర పట్టుకుని వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. నా గొంతు విని పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"మీ ఇంటి బియ్యం ఆగిన దినమే అనుకున్యా పాపా, ఈరక్క ఇంక లేవదని. పానం ఉండంగా ఆపే మనిషి కాదు."

నన్ను ఒక్క మాట అనలేదు. అసలు నా మీద అనుమానమే లేదు ఆయనకు. తల ఎత్తలేకపోయాను.

మర్నాడు మంచం దులుపుతుంటే పరుపు కింద పాత తువ్వాలు మూట దొరికింది. చెమట తుడుచుకోవడానికి కిటికీలో ఆరేసుకుంటుందని నేననుకున్న తువ్వాలే. ముడి విప్పితే ఎండిన అన్నం మెతుకులు. రాళ్లలా గట్టిపడి, సిమెంటు దుమ్ము పట్టి ఉన్నాయి. పిడికిలితో పట్టి చూశాను. పిడికెడు తర్వాత పిడికెడు వస్తూనే ఉంది.

మంచం మీదనుంచి లేవలేకపోయినా చెవులు బాగానే ఉన్నాయి కదా ఆమెకు. మూత చప్పుడు వినబడకపోతే తెలియదా? నేను తీయలేదని తన కంచంలోనిది తీసింది. కిటికీ ఎండకు ఆరబెట్టి దాచింది. పంపే దారి లేదు. నా అబద్ధం బయటపెట్టలేక కొడుకుకూ చెప్పలేదు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే ఎంత బాగుండేది! నేను అన్నం పెట్టి మరీ మా అత్తను ఆకలితో చంపుకున్నాను.

ఆ మూట పారేయడానికి నాకు చేతులు రాలేదు. అటక మీద ఉంది. ఆదివారాలు నరసన్న దగ్గరికి నేనే పోతున్నాను.

ఈ పొద్దు కూడా ఎసరు మరుగుతుంటే పిడికెడు తీసి డబ్బాలో వేశాను. మూత గట్టిగా నొక్కాను. టప్పుమంది. కిటికీ కింద మంచం లేదు, అయినా అటు తిరిగాను.

"తీసినా అత్తా" అన్నాను.